డాలస్ నుంచి వర్చువల్ మెషీన్ కన్సోల్ నత్తనడక, అక్షరాలు మసక: ఏం చేయాలి?

అచ్చుతప్పు (ప్రశ్న)

నమస్కారం. ఒక చిన్న ప్రచురణ సంస్థలో కంప్యూటర్ల బాధ్యత నాది. మా పాత పుస్తకాల పేజీలన్నీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ కూర్పు సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చినవి. వాటిని యూనికోడ్‌కు మార్చే పని ఇంకా సగంలోనే ఉన్నందున ఆ పాత సరంజామాను మరికొన్నేళ్లు కాపాడుకోక తప్పదు. డీటీపీ చేసే కంప్యూటర్లు ఒక్కొక్కటిగా మూలపడుతుండటంతో గత ఏడాది హైదరాబాద్ ఆఫీసులో ఒక సర్వర్ కొని, దాని మీద ఉబుంటు 22.04, కేవీఎం పెట్టి, మూడు వర్చువల్ మెషీన్లు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడుపుతున్నాం. రెండింటిలో విండోస్ 10 ప్రో ఉంది, మూడోది ఉబుంటు డెస్క్‌టాప్. సర్వర్‌లో 12 కోర్లు, 64 జీబీ మెమరీ, ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్నాయి.

ఆఫీసులో కూర్చుని విర్ట్ వ్యూయర్ అనే ప్రోగ్రాంతో స్పైస్ కన్సోల్ (వర్చువల్ మెషీన్ తెరను దూరం నుంచి చూపే పద్ధతి) తెరిస్తే పక్కనే ఉన్న కంప్యూటర్ మీద పని చేస్తున్నట్టే ఉంటుంది. తెనాలిలో ఇంటి నుంచి పని చేసే మా ఆపరేటర్‌కు పేజీ తిప్పినప్పుడు కొంచెం వెనకబడుతుంది, అయినా ఆమె సర్దుకుపోతున్నారు. అసలు ఇబ్బంది మా బాబాయి గారిది. ఆయన ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులు, డాలస్‌లో కూతురి దగ్గర ఉంటూ మా ప్రూఫులు చూస్తారు. ఆయనకు మౌస్ కదిపిన క్షణానికి కాక ఆ తర్వాతెప్పుడో బాణం కదులుతుంది. మెనూ తెరిస్తే పై నుంచి కిందికి తెర దించినట్టు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అంతకంటే పెద్ద ఫిర్యాదు అక్షరాలు మసకగా ఉండటం. "ద ఏదో, ధ ఏదో, థ ఏదో తెలియని తెర మీద ప్రూఫు చూడటమంటే కళ్లకు గంతలు కట్టుకుని బియ్యం ఏరడమే" అని ఆయన నిన్న రాత్రి ఫోన్లో అన్నారు. ఇంట్లో ఆయనకు 200 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది, మా ఆఫీసుది 100 ఎంబీపీఎస్ ఫైబర్.

నేను ఇంతవరకు చేసినవి: గెస్ట్‌కు (అంటే వర్చువల్ మెషీన్‌కు) నాలుగు వర్చువల్ సీపీయూల బదులు ఎనిమిది ఇచ్చాను, మెమరీ రెట్టింపు చేశాను, క్యూఎక్స్‌ఎల్ అనే వర్చువల్ వీడియో కార్డుకు మెమరీ పెంచాను. వీటిలో ఏ ఒక్కదానివల్లా వీసమెత్తు తేడా రాలేదు. బయటి నుంచి వచ్చేవారు ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ ఫార్వర్డింగ్ (భద్రమైన సొరంగం లాంటి కనెక్షన్) ద్వారా కలుస్తారు, ఎందుకంటే కన్సోల్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం నాకు ఇష్టం లేదు. స్పైస్ బదులు అలాంటిదే మరో పద్ధతి వీఎన్‌సీ పెట్టి చూశాను; అక్షరాలు స్పష్టంగానే వచ్చాయి కాని వేగం ఇంకా తగ్గింది. ఏ దిక్కు నుంచి వెతకాలో చెప్పగలరా?

రెండో స్క్రీన్

మాకు ఇలాంటి ఇబ్బందే వచ్చినప్పుడు గ్రాఫిక్స్ కార్డు కొని గెస్ట్‌కు పాస్‌త్రూ చేశాం (నేరుగా అప్పగించాం). డిజైన్ సాఫ్ట్‌వేర్ బాగా వేగం పుంజుకుంది. మీరు కూడా ఒక మోస్తరు కార్డు పెట్టి చూడండి.

కెర్నల్ కాఫీ

కార్డు కొనడానికి ముందు కాస్త ఆగండి. పాస్‌త్రూ చేసిన కార్డు గీసిన బొమ్మ ఆ కార్డుకు తగిలించిన మానిటర్‌కు వెళుతుంది కాని స్పైస్ కన్సోల్‌లో దానంతట అది కనిపించదు. పైగా పేజ్‌మేకర్‌కు త్రీడీ కార్డుతో పనేమీ లేదు. అచ్చుతప్పు గారు తమ ప్రశ్నలోనే సగం జవాబు చెప్పారు: అదే సర్వర్, అదే గెస్ట్, అవే సెట్టింగులు, ఆఫీసులో బాగుంది, తెనాలిలో పరవాలేదు, డాలస్‌లో బాగాలేదు. మారింది దూరం ఒక్కటే. అలాంటప్పుడు సీపీయూలు పెంచడం, ఉత్తరం ఆలస్యంగా అందుతోందని రాసేవారికి కొత్త కలం కొనివ్వడం లాంటిది.

దూరం ఎంత ఆలస్యం తెస్తుందో ఒక్కసారి లెక్క వేసుకుందాం. హైదరాబాద్ నుంచి డాలస్‌కు భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక, పోయి రావడానికి తక్కువలో తక్కువ 144 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రగర్భ కేబుళ్లు తిన్నగా ఉండవు, మధ్యలో రౌటర్లు ఉంటాయి, కాబట్టి మీ పింగ్ (ప్యాకెట్ పోయి రావడానికి పట్టే సమయం) 250 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుందని నా ఊహ. ఎంత డబ్బు పెట్టినా ఆ 144 తగ్గదు. మనం చేయగలిగిందల్లా ఒక్కో పనికి ఎన్నిసార్లు ఈ ప్రయాణం జరుగుతోందో తగ్గించడం, ప్రయాణం చేసే సరుకును తగ్గించడం.

వీఎన్‌సీ ఎందుకు ఇంకా నెమ్మదించిందో ఇక్కడే తెలుస్తుంది. ఆ ప్రోటోకాల్ మూల స్వభావం అడిగితేనే ఇవ్వడం: తెరలో మార్పులు పంపమని వ్యూయర్ అడుగుతుంది, సర్వర్ పంపుతుంది, వ్యూయర్ మళ్లీ అడుగుతుంది. పోయి రావడానికి 250 మిల్లీసెకన్లు పట్టే చోట ఈ పద్ధతిలో సెకనుకు నాలుగు సార్లకు మించి తెర మారదు, మీ లైను ఎంత వెడల్పైనదైనా సరే. కొన్ని కొత్త వీఎన్‌సీ సర్వర్లు అడగకుండానే పంపుతూ ఉండే విస్తరణను అమలు చేశాయి కాని మూల రూపంలో మాత్రం ఇది తప్పని పరిమితి. స్పైస్ అలా కాదు, సర్వరే మార్పులను తోస్తూ పోతుంది. ఆ మేరకు మీ మొదటి ఎంపిక సరైనదే.

ఇక మసక సంగతి. దీనికి స్పైస్ తెలివితేటలే కారణమని నా గట్టి అనుమానం. కనెక్షన్ మొదలైనప్పుడు స్పైస్ సర్వర్ దాదాపు 250 కిలోబైట్ల పరీక్ష సరుకును అవతలికి పంపి, జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లైను వేగాన్ని అంచనా వేస్తుంది. ఆ అంచనా 10 ఎంబీపీఎస్ కంటే తక్కువ వస్తే "ఇది ఇరుకు దారి" అని తీర్మానించుకుంటుంది. జేపెగ్ కుదింపు "ఆటో"లో ఉంటే, అప్పటి నుంచి బొమ్మలను జేపెగ్‌గా మార్చి పంపుతుంది. చిక్కు ఏమిటంటే కొత్త టీసీపీ (ప్యాకెట్లన్నీ వరుసగా చేరేలా చూసే ఇంటర్నెట్ పద్ధతి) కనెక్షన్ మొదట పది ప్యాకెట్లే, అంటే 14 కిలోబైట్ల చిల్లరే పంపుతుంది. జవాబు వచ్చాక ఇరవై, ఆ తర్వాత నలభై, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతుంది. 250 కిలోబైట్లు వెళ్లేసరికి నాలుగైదు ప్రయాణాలు అవుతాయి. ఒక్కో ప్రయాణం పావు సెకను అనుకుంటే సెకనుకు పైనే పట్టింది కదా, లెక్క కడితే రెండు ఎంబీపీఎస్‌కు అటూ ఇటూ తేలుతుంది. మీ బాబాయి గారింట్లో 200 కాదు, 1000 ఎంబీపీఎస్ ఉన్నా ఈ పరీక్షలో వచ్చే మార్కులు అవే. పాత స్పైస్ వెర్షన్లలో ఈ ఫలితం గెస్ట్ లాగ్ ఫైలులో "లో బ్యాండ్‌విడ్త్" అనే మాటతో సహా పడేది.

జేపెగ్ బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనవని అది అనుకున్న సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. ముఖచిత్రానికి అది చక్కగా పనికొస్తుంది. మన లిపిలో మాత్రం ద, ధల మధ్య తేడా ఒక చిన్న గీత, ధ, థల మధ్య తేడా ఒక చుక్క. గుడికి, గుడిదీర్ఘానికి తేడా పైన చిన్న మెలిక. ఒత్తులైతే చెప్పనే అక్కర్లేదు. పది పాయింట్ల అక్షరంలో ఈ తేడాలన్నీ రెండు మూడు చుక్కల్లోనే ఉంటాయి, జేపెగ్ మొదట బలి ఇచ్చేదీ వాటినే. ఇంగ్లీషు అక్షరాలు చూసి "బాగానే ఉందే" అనేవారికి ఈ బాధ అర్థం కాదు.

కాబట్టి "విర్ష్ ఎడిట్"తో గెస్ట్ ఎక్స్‌ఎంఎల్ (దాని సెట్టింగుల ఫైలు) తెరిచి, గ్రాఫిక్స్ విభాగంలో జేపెగ్ కంప్రెషన్‌ను "నెవర్" అని, ఇమేజ్ కంప్రెషన్‌ను "ఆటో జీఎల్‌జెడ్" అని పెట్టండి. స్ట్రీమింగ్ మోడ్ అన్నది అక్కడ ఉంటే దాన్ని "ఆఫ్" చేయండి. "ఫిల్టర్" లేదా "ఆల్" పెడితే పేజీ వేగంగా జరుగుతున్న భాగాన్ని వీడియో అని పొరబడి మళ్లీ మసక చేసే అవకాశం ఉంది. ఒక జాగ్రత్త: ఈ మార్పులు విండోస్ లోపల రీస్టార్ట్ నొక్కితే అమలులోకి రావు. గెస్ట్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, హోస్ట్ (అసలు సర్వర్) నుంచి మళ్లీ ప్రారంభించాలి. ఈ చిన్న విషయం తెలియక నేను ఒకప్పుడు ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నాను.

మసక పోతే సరుకు పెరుగుతుంది, ఇది గుర్తుంచుకోవాలి. 1920×1080 తెర, ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు అంటే కుదించకముందు 83 లక్షల బైట్లు, దాదాపు 66 మెగాబిట్లు. నష్టం లేని కుదింపు తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలను బాగా చిన్నవి చేస్తుంది కాని డెస్క్‌టాప్ మీద దేవుడి ఫొటోనో, జలపాతమో ఉంటే చేతులెత్తేస్తుంది. వాల్‌పేపర్ తీసి ఒకే రంగు పెట్టండి. విండోస్ పెర్ఫార్మెన్స్ ఆప్షన్లలో యానిమేషన్లు, నీడలు, లాగుతున్నప్పుడు విండో మొత్తం కనిపించడం, ఈ మూడూ తీసేయండి. మెనూ తెర దించినట్టు వస్తోందన్నారే, అది విండోస్ మెనూను మెల్లగా తేలుస్తూ చూపించే యానిమేషన్ కావచ్చు. ఆఫీసులో అందంగా కనిపించే ఆ పావు సెకను హంగు డాలస్‌కు వెళ్లేసరికి పది పదిహేను బొమ్మల వరుస అవుతుంది.

క్యూఎక్స్‌ఎల్ మెమరీ గురించి ఒక మాట. మామూలుగా ఉండే 16 ఎంబీ వీజీఏ మెమరీ 2560×1440 వరకు సరిపోతుంది. 4కే తెరకు ఒక్క బొమ్మకే 33 ఎంబీ కావాలి కనుక అప్పుడు మాత్రమే పెంచాలి. అది ఎంత పెద్ద తెర ఇవ్వగలమన్న దానికి కొలత, ఎంత వేగంగా ఇవ్వగలమన్న దానికి కాదు. పెంచినందువల్ల నష్టం లేదు, అలాగే ఉంచండి.

నల్లమల వాసి

కెర్నల్ కాఫీ గారు చెప్పినవన్నీ సరైనవే కాని నేను ప్రశ్ననే కొంచెం మార్చమంటాను. కన్సోల్ అన్నది ఇంటికి పెరటి గుమ్మం లాంటిది. విండోస్ లేవకపోయినా, నెట్‌వర్క్ సెట్టింగు చెడగొట్టుకున్నా, బయోస్ చూడాలన్నా అది ఉండి తీరాలి. అయితే చుట్టాలను రోజూ పెరటి గుమ్మం నుంచి రమ్మనం కదా. కన్సోల్ చూసేది గెస్ట్ లోపలి విండోలను, అక్షరాలను కాదు, వర్చువల్ వీడియో కార్డులో మారిన చుక్కలను. ఏది అక్షరమో, ఏది ఫొటోనో దానికి తెలియదు. నిజం చెప్పాలంటే క్యూఎక్స్‌ఎల్‌ను తయారు చేసిన కాలంలో గీతలు గీయమని, పెట్టె నింపమని వచ్చే ఆదేశాలనే అవతలికి పంపడం దాని బలం. ఇప్పటి డెస్క్‌టాప్‌లు మొత్తం తెరను తామే కలిపి ఒక బొమ్మగా అందిస్తుండటంతో ఆ బలం చాలావరకు వాడుకలో లేకుండా పోయింది.

మీ గెస్ట్ విండోస్ 10 ప్రో కాబట్టి ఆర్‌డీపీ (విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్) అందులోనే ఉంది. హోమ్ ఎడిషన్ అయితే ఉండేది కాదు. ఆర్‌డీపీ గెస్ట్ లోపలే కూర్చుంటుంది కనుక తెరలోని అక్షరాల భాగాన్ని, ఫొటో భాగాన్ని వేరు చేసి, అక్షరాలకు వాటికి తగిన కుదింపు వాడుతుంది. ఫొటో మొదట మసకగా వచ్చి తర్వాత తేటపడుతుంది, అక్షరం మాత్రం స్పష్టంగానే వస్తుంది. మౌస్ బాణాన్ని చూసేవారి కంప్యూటరే గీస్తుంది, అందువల్ల చేతికి, బాణానికి మధ్య ఎడం ఉండదు. 2012లో విండోస్ 8తో పాటు వచ్చిన ఆర్‌డీపీ 8 నుంచి యూడీపీ (వరుస కోసం ఆగకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద కూడా నడుస్తుంది, దూరపు లైన్లలో ఒక ప్యాకెట్ పోయినంత మాత్రాన మొత్తం ఆగిపోకుండా ఉండటానికి అది అక్కరకొస్తుంది.

ఇక్కడే మీ ఎస్ఎస్‌హెచ్ అడ్డు తగులుతోంది. స్పైస్ తెరకు, బాణానికి, కీబోర్డుకు వేర్వేరు టీసీపీ కనెక్షన్లు వాడుతుంది, ఒకటి ఆగినా మరొకటి సాగాలని. మీరు వాటన్నింటినీ ఒకే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్‌లో కుక్కారు. ఫొటో ఉన్న పేజీ వస్తుండగా మధ్యలో ఒక ప్యాకెట్ పోతే, అది మళ్లీ వచ్చేదాకా దాని వెనక ఉన్న బాణం కదలికలు కూడా నిలబడాల్సిందే. ఒంటి వరుస వంతెన మీద లారీ ఆగితే వెనక అంబులెన్సు కూడా ఆగినట్టు. దాని బదులు సర్వర్ మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి. 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి అది కెర్నల్‌లోనే ఉంది, మీ ఉబుంటులో కొత్తగా కెర్నల్ మాడ్యూల్ కట్టుకోనక్కర లేదు. అది యూడీపీ మీద నడుస్తుంది కనుక లోపలి కనెక్షన్లు దేనికవే విడిగా ఉంటాయి, ఆర్‌డీపీ యూడీపీ కూడా దాటిపోతుంది. ఆర్‌డీపీ వాడే 3389 పోర్టును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా ఇంటర్నెట్‌కు తెరవవద్దు. మీరు కన్సోల్ విషయంలో పాటించిన జాగ్రత్తే ఇక్కడ కూడా పాటించండి.

ఒక సందేహం. ప్రూఫు చూడటానికి పీడీఎఫ్ పంపితే సరిపోదా? దూరపు తెర మీద పేజ్‌మేకర్ తెరవడం ఎందుకో అర్థం కాలేదు.

అచ్చుతప్పు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. పీడీఎఫ్ సందేహం సమంజసమైనదే. మొదటి రెండు ప్రూఫులు అలాగే వెళతాయి. చివరి ప్రూఫులో బాబాయి గారు దిద్దుబాటును తామే పేజీలో చేస్తారు. ఒక ఒత్తు చేర్చితే పంక్తి విరిగి, ఆ పేరా కింది పేజీకి జారి, పద్యం రెండు ముక్కలవుతుంది. అది కళ్లెదుట చూస్తూ సరిచేయాలన్నది ఆయన పట్టుదల.

నిన్న చేసిన పనులు చెబుతాను. పింగ్ కొలిచాను: ఆఫీసులో ఒక మిల్లీసెకను లోపే, తెనాలి నుంచి 28, డాలస్ నుంచి 256. ఊహ సరిగ్గా తగిలింది. జేపెగ్ "నెవర్" చేసి, గెస్ట్‌ను పూర్తిగా ఆపి మొదలుపెట్టాను. బాబాయి గారు మొదట పంపిన సందేశం "థ లో చుక్క కనిపించింది" అని. వాల్‌పేపర్, యానిమేషన్లు తీసేశాక మెనూలు ఒకేసారి వస్తున్నాయి. వైర్‌గార్డ్ ఇంకా పెట్టలేదు.

అయితే ఒక కొత్త విషయం బయటపడింది. పగటిపూట నేను డాలస్‌లోని మా అక్కకు ఫోన్ చేసి పరీక్షించమంటే బాగానే ఉంది. రాత్రి తొమ్మిది దాటాక, అంటే బాబాయి గారు పొద్దున్నే కాఫీ తాగి పనికి కూర్చునే వేళకు, మళ్లీ పాత కథే. పైగా ఆ సమయంలో తెనాలి నుంచి కూడా నెమ్మదిగా ఉంటోందట. ఆ వేళకు సర్వర్ మీద ఇంకెవరూ ఉండరు.

కేబుల్ కుర్రాడు

రాత్రి తొమ్మిదికి మీ సర్వర్ మీద మనుషులు లేకపోవచ్చు, బ్యాకప్ ఉందేమో చూడండి. ఆఫీసు నుంచి ఎక్కడికైనా పెద్ద ఫైళ్లు వెళుతుంటే అప్‌లోడ్ దారి నిండిపోతుంది. అప్పుడు రౌటర్ లేదా ఫైబర్ డబ్బాలోని బఫర్‌లో ప్యాకెట్లు వరుస కడతాయి, మీ మౌస్ ప్యాకెట్‌కు వచ్చిన జవాబు కూడా ఆ వరుస చివర నిలబడాలి. తెర మీద జరిగే ప్రతి మార్పూ మీ ఆఫీసు వైపు నుంచి చూస్తే అప్‌లోడే అని మరిచిపోవద్దు. బాబాయి గారి 200 ఎంబీపీఎస్‌కు ఇందులో ప్రమేయమే లేదు.

రాత్రి తొమ్మిదింపావుకు ఒకసారి పింగ్ కొలవండి. 256 ఉండాల్సింది ఆరేడు వందలకు పోతే అనుమానం తీరినట్టే. బ్యాకప్‌ను తెల్లవారుజామున మూడింటికి మార్చకండి, డాలస్‌లో అది మధ్యాహ్నం, ఆయన పనిలో ఉండే వేళ. దాని వేగానికి పరిమితి పెట్టండి. ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో చేస్తుంటే బ్యాండ్‌విడ్త్ పరిమితి ఆప్షన్ ఉంది. ఇంకా మంచి మార్గం, బయటికి వెళ్లే దారిలో మీ లినక్స్ పెట్టె ఉంటే దాని మీద "కేక్" అనే క్యూ పద్ధతి పెట్టి, వేగాన్ని మీ అసలు అప్‌లోడ్‌కు 90 శాతం దగ్గర కట్టేయడం. 2018లో వచ్చిన లినక్స్ 4.19 నుంచి అది కెర్నల్‌లో ఉంది. వరుస కట్టే చోటు ఫైబర్ డబ్బాలో కాక మీ చేతిలో ఉన్న పెట్టెలోకి వస్తుంది, అక్కడ చిన్న ప్యాకెట్లు పెద్ద ఫైళ్ల వెనక చిక్కుకోకుండా కేక్ చూసుకుంటుంది. పదిశాతం వేగం వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. స్పీడ్ టెస్ట్ అంకె తగ్గుతుంది, తెర మాత్రం వేగంగా కదులుతుంది.

కెర్నల్ కాఫీ

కేబుల్ కుర్రాడు గారి పరిశీలన బాగుంది, అది నాకు తట్టలేదు. మౌస్ గురించి మొదటి జవాబులో రాయడం మరిచాను, ఆర్‌డీపీకి మారినా అత్యవసరానికి కన్సోల్ వాడతారు కనుక ఇప్పుడు రాస్తున్నాను. గెస్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో యూఎస్‌బీ టాబ్లెట్ అనే ఇన్‌పుట్ పరికరం ఉందో లేదో చూడండి. పాత పద్ధతి మౌస్ ఒక్కటే ఉంటే, "ఎడమకు మూడు, పైకి రెండు" అని కదలికను మాత్రమే గెస్ట్‌కు చెబుతాం. బాణం ఎక్కడికి చేరిందో తెలియాలంటే బొమ్మ తిరిగి రావాలి. టాబ్లెట్ ఉంటే తెర మీది కచ్చితమైన స్థానాన్నే చెబుతాం, బాణాన్ని వ్యూయర్ తన దగ్గరే గీసుకుంటుంది. పాత యంత్రం నుంచి దింపుకున్న కాన్ఫిగరేషన్లలో ఇది తరచూ ఉండదు. దానితో పాటు విండోస్‌లో స్పైస్ గెస్ట్ టూల్స్ వేస్తే విండో సైజును బట్టి తెర సైజు దానంతటదే సర్దుకుంటుంది, కాపీ పేస్ట్ పనిచేస్తుంది.

ఇంకో సంగతి, తొందరేమీ లేదు. రెడ్‌హ్యాట్ 2008లో కుమ్రానెట్ సంస్థను కొనడంతో వచ్చిన స్పైస్‌ను 2009 చివర్లో అందరికీ తెరిచింది. అదే రెడ్‌హ్యాట్ తన లినక్స్ అయిన ఆర్‌హెచ్ఈఎల్ 9 నుంచి దాన్ని తీసేసింది. ఉబుంటులో ఇంకా ఉంది కాబట్టి మీకు ఇప్పుడు ఇబ్బంది లేదు, అయినా రోజువారీ పనిని దాని మీద ఆధారపడనివ్వకపోవడానికి ఇది మరో కారణం. మీ ఉబుంటు గెస్ట్‌కు కూడా ఆర్‌డీపీ పనికొస్తుంది: ఉబుంటు వాడే డెస్క్‌టాప్ గ్నోమ్ 42 నుంచి, అంటే 2022 నుంచి, డెస్క్‌టాప్ షేరింగ్ ఆర్‌డీపీ మీద నడుస్తుంది. అందులో కూడా యానిమేషన్లు ఆపేయండి. గ్రాఫిక్స్ కార్డు లేని గెస్ట్‌లో గ్నోమ్ తెరంతా సీపీయూతోనే గీస్తుంది, అక్కడ మాత్రం మీరిచ్చిన అదనపు సీపీయూలు కొంత ఉపయోగపడతాయి.

అచ్చుతప్పు

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

రాత్రి తొమ్మిదింపావుకు డాలస్ నుంచి పింగ్ 840 చూపించింది. స్కాన్ చేసిన పాత పుస్తకాల బ్యాకప్ తొమ్మిదికి మొదలయ్యేలా నేనే పెట్టుకున్నాను, ఆ సంగతే మరిచిపోయాను. ఆఫీసు గేట్‌వే లినక్స్ పెట్టే కనుక దాని మీద కేక్ పెట్టి 90 ఎంబీపీఎస్ దగ్గర కట్టేశాను. బ్యాకప్ నడుస్తుండగానే పింగ్ 260, 270 మధ్య నిలిచింది. బ్యాకప్ ముగియడానికి మునుపటికంటే పావుగంట ఎక్కువ పడుతోంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

వైర్‌గార్డ్, ఆర్‌డీపీ పెట్టాక తెనాలి ఆపరేటర్ "ఆఫీసులో ఉన్నట్టే ఉంది" అన్నారు. డాలస్‌లో అలా లేదు, ఉండదని మీరు ముందే చెప్పారు. అక్షరం నొక్కాక అది కనిపించడానికి ఇప్పటికీ పావు సెకను పైన పడుతుంది. బాణం మాత్రం చేతితో పాటే కదులుతోంది, పేజీ తిప్పితే ఒక్క ఊపులో వస్తోంది. టాబ్లెట్ పరికరం మా ఎక్స్‌ఎంఎల్‌లో నిజంగానే లేదు, చేర్చాను. పెంచిన సీపీయూలను మళ్లీ నాలుగుకు తగ్గించాను, ఎవరూ గమనించలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. ఉబుంటు గెస్ట్‌లో బాబాయి గారు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్ పాఠం దిద్దుతున్నప్పుడు అప్పుడప్పుడు ఒకే అక్షరం నాలుగైదు సార్లు పడుతోంది. "కలము" అని కొడితే "కలలలలము" అని వస్తోంది.

నల్లమల వాసి

మీరు ఆ గెస్ట్‌ను ఇంకా కన్సోల్ నుంచే తెరుస్తున్నట్టున్నారు. కీ నొక్కడం ఒక సందేశం, వదలడం మరో సందేశం. వదిలిన సందేశం దారిలో అర సెకను ఆగిపోతే, కీ ఇంకా నొక్కే ఉందని లినక్స్ అనుకుని దానంతటదే అక్షరాన్ని తిరిగి తిరిగి వేస్తుంది. గెస్ట్ లోపలి సెట్టింగులలో యాక్సెసిబిలిటీ విభాగంలోకి వెళ్లి, టైపింగ్ దగ్గర రిపీట్ కీస్ ఆపేయండి, లేదా మొదటి ఆలస్యాన్ని ఒక సెకనుకు పెంచండి. ఆపేస్తే బ్యాక్‌స్పేస్‌ను పట్టుకుని వరుసగా చెరపడం కుదరదు, ఆయనకు ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ ఫోన్ వస్తుంది.

అచ్చుతప్పు

ఒక సెకను పెట్టాను, రెండు రోజులుగా "కలము" కలముగానే ఉంది. నిన్న బాబాయి గారు 112వ పేజీలో "విధ్యార్థి" పట్టుకుని "విద్యార్థి" చేశారు. అదే పేజీని ఆయన పోయిన నెల మసక తెర మీద చూసి సరే అని పంపారట. ఇప్పుడు ఆ నెలలో చూసిన రెండు పుస్తకాలూ మొదటి నుంచి మళ్లీ చూస్తానంటున్నారు. ప్రెస్సుకు ఫోన్ చేసి ప్లేట్లు ఆపమన్నాను.